లేవి విప్పిన ఇరుసు

కర్నూలు,
1953 నవంబరు 15.

లేవికి,

పదేండ్ల తరువాత నా చేతిరాత చూసి ఉలిక్కిపడతావేమో. మీ అమ్మకు ఏమీ కాలేదు. ఆ భయంతో ఈ ఉత్తరం చదవకూడదని ముందే చెబుతున్నాను. డెబ్బై ఏళ్ళ మనిషికి ఉండే నీరసం ఉంది, చూపు ఆనడం లేదు, అంతే.

రాస్తున్నది మీ అన్న బండి గురించి. ఈ ఊరు రాజధాని అయిన దగ్గరనుంచీ గుమాస్తాలు కూర్చోవడానికి చోటు లేదు. గుడారాల్లో ఆఫీసులు పెట్టారు. మిషను ఆవరణలో ఖాళీగా కనిపించిన ప్రతి కొట్టమూ అడుగుతున్నారు. బండి ఉన్న కొట్టం క్రిస్మసులోగా ఇచ్చేయాలట. పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. వాడు చక్రాన్ని కాలితో తన్నిన తీరు చూసి ఇవ్వనని చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆ బండిని చూడడానికి ఈ పదేండ్లలో నేను ఆ కొట్టంలోకి రెండుసార్లు కూడా పోలేదు.

బస్సుల మేస్త్రీ ఒకాయన రెండు రోజులు కుస్తీపట్టి ఇంజను పలికించాడు. కాని బండి కదలలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, వెనక చక్రాలకు ఆ సంగతే తెలియనట్టుంది. "వెనక ఇరుసు పోయిందమ్మా. ఇరవయ్యారు నాటి అమెరికా బండి ఇది. దీన్ని ఎరిగినోడు విప్పాల, నాకు ధైర్యం చాలదు" అన్నాడు. ఈ రెండు జిల్లాల్లో దాన్ని ఎరిగినవాడివి నీవొక్కడివే.

నిన్ను అడిగే హక్కు నాకు ఉందో లేదో తెలియదు. చర్చి పెద్దల ఎదుట నేను చెప్పింది చెప్పాను. మీ అన్న డాక్టరుగారు పోయిననాడు బండి నీ చేతిలో ఉంది. ఆ మాట మార్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బండిని తుక్కుకు వేయలేక రాస్తున్నాను. చేస్తావా, చేయవా, రెండు ముక్కలు రాయి.

కృపమణి


కడప,
1953 నవంబరు 24.

పూజ్యులైన వదినగారికి లేవి వందనములు.

మీ ఉత్తరం అందింది. మా ఇంటిది ఓబులమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నా. నాకు చదువు రాక కాదు, చేతులకు గ్రీజు ఉండె.

బండి పంపండి. లారీలో కట్టేటప్పుడు తాళ్ళు ముందుపక్క కట్టమనండి, వెనక ఇరుసుకు తాడు తగలనీయొద్దు. నా షెడ్డు బస్టాండు వెనక ఉండాది, పేరు చెప్తే ఎవరైనా చూపిస్తారు. బస్సుల ఇరుసులు, గేరుపెట్టెలు, ఇదే నా పని. తోలేది మాత్రం లేదు. ఆ పొద్దునించి స్టీరింగు పట్టలేదు. బాగుచేసిన బండిని తోలి చూసేది వేరేవాళ్ళు. "ఏమప్పా లేవీ, వండుతావు, రుచి చూడవు" అని డ్రైవర్లు నవ్వుతారు. నవ్వనీ.

అమ్మ ఎట్లుండాది? నా పేరు ఎప్పుడైనా ఎత్తుతాదా?

ఈడి చర్చిలో కూడా నాకు రొట్టె ఇయ్యొద్దని కర్నూలు పెద్దలు రాసిచ్చిన కాగితమే నడుస్తాండాది. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం నేను లేచిపోయి బయట మెట్టుమీద కూర్చుంటా. అయినాక ఓబులమ్మ వచ్చి ఇంటిదాకా నా పక్కన నడుస్తాది. పదేండ్లకు ఆ మెట్టు కూడా నాకు అలవాటైపోయింది.

ఒక మాట అడగాల. వెనక ఇరుసు పోయిందని రాసినారు. అది పోగూడదు. ముప్పైతొమ్మిదిలో నేనే విప్పి, మద్రాసునించి వచ్చిన కొత్త సామాను వేసి బిగించినా. ఇరవై ఏండ్లు దాని జోలికి పోయే పనిలేదు. నా తరువాత ఎవరన్నా దాన్ని విప్పినారా?

మీ మరిది
లేవి


కర్నూలు,
1953 డిసెంబరు 12.

లేవీ,

బండి నిన్న లారీ ఎక్కింది. నీవు చెప్పినట్టే కట్టించాను. అత్తయ్య కర్ర పట్టుకుని కొట్టం దాకా వచ్చింది. కళ్ళు ఆనవు కదా, రేకును చేత్తో తడుముకుంటూ చుట్టూ తిరిగి, డ్రైవరు సీటు దగ్గర ఆగి, "ఈడనే గదా వాడు కూర్చుండేది" అంది. "ఎవరు అత్తయ్యా?" అన్నాను. "ఎవరైతేనేమిలే, ఇద్దరూ నేను కన్నోళ్ళే" అంది. పేరు ఎత్తుతుందా అని అడిగావు. పేరు ఎత్తదు. ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

నన్ను 'మీరు' అని రాశావు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి నీకు పన్నెండేళ్ళు. నా మద్రాసు కాలేజీ పుస్తకాలమీద నూనె చేతులు పెట్టి నాచేత తిట్లు తిన్నావు. అప్పుడు 'నువ్వు' అనేవాడివి. చదువుతూ చదువుతూ నీ ఉత్తరం అక్కడ పక్కన పెట్టేశాను.

పెద్దల కూటంలో నేను చెప్పింది తప్పా అని ఒక్కోసారి అనుకుంటాను. ఆ పొద్దున బండిని గేటు దాకా నేనే నడిపాను, బ్రేకు పట్టింది. అదే చెప్పాను, అది నిజం. వాళ్ళు బ్రేకు విప్పించి చూశారు, పట్టీలు కొత్తవాటిలా ఉన్నాయి. గిద్దలూరు వైద్యశిబిరంనుంచి తిరిగి వస్తూ నల్లమల కనుమ దిగేచోట బండి రాతికట్టకు గుద్దుకుంది. మీ అన్న బయటికి పడ్డారు, నీవు పడలేదు. బ్రేకు తొక్కినా బండి ఆగలేదని నీవన్నావు. బాగున్న బ్రేకు ఆపలేదంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్మలేదు. నమ్మి ఉండవలసిందా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే, తెలియదనే అంటాను. నాకు దేన్ని గురించైనా తెలియదనడం అలవాటైపోయింది. పాఠం చెప్పేటప్పుడు తప్ప.

ఇరుసు మాట అడిగావు. నాకు తెలిసి ఎవరూ విప్పలేదు. అయినా ఇరుసుకూ బ్రేకుకూ ఏం సంబంధం?

చలిలో పని చేసేటప్పుడు ఛాతీకి గుడ్డ కట్టుకో. నీకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది.

నీ వదిన
కృపమణి


కడప,
1954 ఫిబ్రవరి 3.

వదినా,

ఇరుసు విప్పినా. చేతులు కడుక్కోకుండానే రాస్తాండా, కాగితానికి గ్రీజు అంటితే తిట్టొద్దు.

ఇరుసుకూ బ్రేకుకూ ఏం సంబంధమని అడిగినావు. ఈ బండిలో తిరకాసు అదే. వేరే బండ్లకు కాలిబ్రేకు చక్రాలనే పట్టుకుంటాది. దీనికి ఇంజను పక్కన ఉండే డబ్బాలో పట్టుకుంటాది. ఆడ పట్టిన పట్టు నడుమ కడ్డీ గుండా వెనక్కి వచ్చి, చిన్న పళ్ళచక్రంనించి పెద్ద పళ్ళచక్రానికి ఎక్కి, అప్పుడు గదా వెనక చక్రాలకు అందేది. ఆ రెండు పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి కరుచుకోని ఉండాలంటే పెద్దదానికి అటొకటి ఇటొకటి మందపాటి వాషర్లు ఉంటాయి. అవి పగిలితే పెద్దచక్రం పక్కకు జరుగుతాది. పళ్ళు విడిపోతాయి. ఇంక నువ్వు ఎంత తొక్కినా బ్రేకు పట్టుకుంటాది, చక్రాలు మాత్రం వాటి పాటికవి తిరుగుతానే ఉంటాయి. చేతిబ్రేకు ఉండాది గదా అంటావేమో. అది నిలబెట్టిన బండి జరగకుండా ఉండేదానికే, కనుమలో జారే బండికి కాదు.

అంటే బ్రేకు బాగుండె. బ్రేకు పట్టె. బండి ఆగలేదు. నువ్వు చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే.

ఇరుసు డొప్పను రెండుగా విడదీస్తే లోపల వాషర్లే లేవు. నల్ల గ్రీజులో తెల్లటి ముక్కలు ఉండాయి, కలకండ పగలగొట్టినట్టు. కంపెనీ వాషర్లూ తెల్లనివే, కాని అవి మెత్తన. పోతే నునుపుగా అరుగుతాయి, ఇట్ల పగలవు. ముక్కల అంచున ఆకురాయితో గీసిన గీతలు ఉండాయి. ఎవరో చేత్తో పోసి, చేత్తో రుద్దినారు. ఇంకోటి చెప్తా. బోల్టులకు వేసే పిన్నుల తోకలు నేను ఎప్పుడూ ఎడమకు వంచుతా. ఇవి కుడికి వంచినారు. నేను బిగించిన ఇరుసని పదేండ్లు నాకు దానిమీద అనుమానమే రాలేదు. అది నేను బిగించింది కాదు.

అన్న పోయేదానికి ముందు నేను ఇరవై రోజులు రాజంపేటలో ఉంటి, ఓబులమ్మ పురుడని. ఆ ఇరవై రోజుల్లో అన్న చేయించినాడేమో. చేయిస్తే చేయించినాడు, నేనేమీ అనను.

ఆ కనుమలో పళ్ళు కొరికినట్టు గరగరమని చప్పుడైందని పెద్దలకు చెప్పినా. "బండి పళ్ళు కొరికిందా, నువ్వు కొరికినావా?" అని ఏసేపు పెద్దాయన అడిగితే అందరూ నవ్విరి. మీరందరూ అన్నారని నేనూ నమ్మినా వదినా. నా కాలు బ్రేకుమీద కాకుండా యాడనో పడింటాదని, అన్నను నేనే చంపినానని. పదేండ్లు ఈ కుడికాలిని వేరేవాళ్ళ కాలు మాదిరి చూసినా.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. పెద్దల కాగితం ఉంటే ఉండనీ, పోతే పోనీ, నాకు అమ్మకు తెలిస్తే చాలు. లేవి బ్రేకు తొక్కినాడని నీ నోటితో చెప్పు. ఇరుసు ఎవరు విప్పినారో గుర్తొస్తే అదీ చెప్పు. నువ్వు రమ్మని రెండు ముక్కలు రాస్తే ఆ పొద్దే బస్సెక్కుతా.

లేవి


కర్నూలు,
1954 ఫిబ్రవరి 19.

లేవీ,

నీ ఉత్తరం చేరింది. జవాబు ఆలస్యమైంది. ట్రైనింగు స్కూలు పరీక్షలు దగ్గరపడ్డాయి, ఊపిరాడడం లేదు.

అత్తయ్యకు దగ్గు పట్టుకుంది. ఇటువంటి సంగతి మెల్లగా చెప్పవలసింది. ఇప్పుడు చెబితే తట్టుకుంటుందో లేదో. నీవు తొందరపడి రావద్దు.

ఇరుసు ఎవరు విప్పిందీ నాకు గుర్తు లేదు. మీ అన్న చేయించి ఉండవచ్చునన్నావు. పోయిన మనిషిమీద ఏదైనా అనే ముందు ఆలోచించుకోవాలి కదా.

కృపమణి


కడప,
1954 మార్చి 10.

వదినా,

పరీక్షలు అయిపోయింటాయి. అమ్మకు దగ్గు తగ్గిందా?

నిదానంగా గుర్తు తెచ్చుకోమని రాద్దామనుకున్నా. నాకు నిదానమే, పదేండ్లు ఉన్నోణ్ణి. అమ్మకు అంత నిదానం ఉండాదో లేదో.

దీంతో ఒక అగ్గిపెట్టె పంపిస్తాండా. అందులో ఆ తెల్ల ముక్కలు నాలుగు ఉండాయి. అమ్మకు కండ్లు కనపడవు గదా, చేతికియ్యి. రెండు వేళ్ళమధ్య పెట్టి ఒత్తితే చాలు, విరుగుతాది. నా కొడుకు బరువంతా దీనిమీద ఉండెనా అని ఆమెకే తెలుస్తాది. పక్కన నువ్వు ఒక్క మాట చెప్పు. ఏం మాటో నేను చెప్పను.

నేనే వచ్చి చెప్పచ్చు. చెప్తే అమ్మ నమ్మదు. ఆ పొద్దు కూడా ఆమె నమ్మింది నీ మాటనే. నీ మాటతో మూసుకున్న తలుపు నీ మాటతోనే తెరుచుకోవాల.

పని సాగుతాండాది. పాత నీళ్ళపంపులోనించి మంచి కంచు దొరికింది. లేతుమీద పెట్టి వాషర్లు తీస్తాండా. కంచు పగలదు.

ఓబులమ్మ నీకు వందనాలు చెప్పమనింది.

లేవి


కర్నూలు,
1954 ఏప్రిల్ 9.

లేవీ,

అత్తయ్య సమాధి దగ్గర నీవు గేటు బయట నిలబడ్డావు. అత్తయ్య పోయిందని తంతి ఇచ్చింది నేనే, మట్టి వేయడానికి నిన్ను లోపలికి పిలవవలసిందీ నేనే. పిలవలేదు. అందరూ పోయాక నీవు వచ్చి ఒక పిడికెడు వేసి పోయావని సమాధులు తవ్వే అయ్యన్న చెప్పాడు.

ఇప్పుడు రాసేది చించేయాలనిపిస్తే చదివాకనే చించు.

ఇరుసు విప్పించింది నేను. నీవు రాజంపేట పోయిన వారానికి బండి వెనకనుంచి చప్పుడు మొదలైంది. లేవి వచ్చేదాకా దీన్ని కదిలించనని మీ అన్న గిద్దలూరు శిబిరానికి ఎద్దులబండిలో పోయారు. పోతే నాలుగు రోజులు. కారైతే ఆ రోజు పోయి ఆ రోజుకే ఇల్లు చేరేవారు. పెండ్లయిన పదమూడేళ్ళలో ఆయన ఇంట్లో ఉన్న రోజులు ఎన్నని లెక్కపెట్టే దశలో ఉన్నాను అప్పుడు. కొలిమి మహానందిని పిలిపించాను. విప్పి చూసి, రెండు వాషర్లూ అరిగాయన్నాడు. యుద్ధం రోజులు, కంచు దొరకదు, మద్రాసులో సామాను లేదు. "తెల్లసీసం ఉంటే కరిగించి పోసిస్తానమ్మా" అన్నాడు. మిషను ప్రెస్సు అప్పుడు నా చేతికింద ఉంది. అరిగిపోయిన సీసపు అచ్చక్షరాలు గదిమూల కుప్పగా పడి ఉన్నాయి. ఒక బుట్టెడు ఎత్తి ఇచ్చాను. అవి సీసమే కదా, తెల్లగానే ఉన్నాయి కదా అనుకున్నాను. అతడూ అలాగే అనుకున్నాడు. బి.ఏ.లో నేను చదివింది తర్కశాస్త్రం.

మీ అన్న తిరిగి వచ్చి "సామాను ఎక్కడిది?" అంటే "దొరికింది" అన్నాను. లేవికి చెప్పవద్దు, విప్పి చూసి మళ్ళీ బండిని ఆపేస్తాడు అన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు. మాట తప్పే మనిషి కాదు. నీకు చెప్పకుండానే పోయారు.

పెద్దలు నన్ను రెండు ప్రశ్నలడిగారు. బ్రేకు పట్టిందా? పట్టింది. బండికి ఈమధ్య ఏమైనా మరమ్మతు చేయించారా? లేదు. అడగకుండా మిషను సొత్తు ఇచ్చానని చెప్పవలసి వస్తుందని ఆ రెండో మాట అన్నాను. అంత చిన్న భయం. ఇరుసుకూ బ్రేకుకూ సంబంధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నీ ఫిబ్రవరి ఉత్తరం చదివేదాకా చెప్పుకుంటూనే ఉన్నాను. మనసులో ఏ మూలో తెలిసే చెప్పుకున్నానా? అది మాత్రం ఎంత వెతికినా తేలడం లేదు.

అగ్గిపెట్టె నా బల్లసొరుగులో ఉంది. రోజూ తీసి చూసి మళ్ళీ పెట్టేదాన్ని. రేపు చెబుదాం, కాస్త తేరుకోనీ అనుకున్నాను. పోవడానికి అయిదు రోజుల ముందు అత్తయ్య తానే అడిగింది.

"లేవి ఉత్తరాలు రాస్తాండాడంట గదా, మణీ."

"బండి సంగతులు అత్తయ్యా."

"బ్రేకు సంగతి ఏమన్నా రాసినాడా?"

నేను దుప్పటి సర్దాను. ఆమే అంది: "వాడు తొక్కింటాడు. వానికి అబద్ధం చెప్పను రాదు, చెప్తే చెవులు ఎర్రగైతాయి. ఆ పొద్దు పెద్దల ముందర వాని చెవులనే చూస్తా నిలబడితి. ఎర్రగా కాలేదు. కాని బండికి ఏమీ చేయించలేదని నువ్వంటివి. చదువుకున్నదానివి, మొగుణ్ణి పోగొట్టుకున్నదానివి. నీ మాట కాదని నేనెట్ల అంటా?"

నీళ్ళిమ్మంది. ఇచ్చాను. తాగి అటు తిరిగి పడుకుంది. అప్పటికీ సొరుగు నాలుగడుగుల దూరంలోనే ఉంది.

ఇంక రాయలేను.

కృపమణి


కడప,
1954 ఏప్రిల్ 20.

కృపమణిగారికి,

మీ ఉత్తరం చించలేదు.

ఆ ముక్కలు ఏం లోహమో మొదట నాకు తెలియలేదు. ఈడ ప్రెస్సు నడిపే పెద్దన్నకు చూపిస్తే గోటితో గీరి, "ఇది అచ్చుసీసం కదప్పా, వట్టి పెళుసు, దీంతో బండి చేసిన మహానుభావుడెవరు?" అన్నాడు. ఆ కాలంలో కర్నూలు మిషను ప్రెస్సు ఎవరి చేతికింద ఉండెనో నాకు తెల్సు. మూస పోసేటోడు మహానంది ఒక్కడే. ఫిబ్రవరి ఆఖరులో, మీకు గుర్తులేదని జవాబు వచ్చినాక, బస్సెక్కి కర్నూలు వచ్చినా. ఆయప్ప ఏమీ దాచలేదు. "అమ్మ ఇచ్చింది, పోసినా. ఎంతకాలం వచ్చినాయప్పా ఆ వాషర్లు?" అని నన్నే అడిగినాడు. బాగానే వచ్చినాయని చెప్పినా. ముసలోడు, ఇప్పుడు తెలుసుకోని ఏం చేస్తాడు.

ఆ పొద్దు మీ గేటుదాకా వచ్చినా. అమ్మ అరుగుమీద కూర్చోని బియ్యం ఏరుతాండె. కండ్లు లేకపోయినా వేళ్ళతోనే రాళ్ళు తీసి పక్కకు వేస్తాండె. పిలిస్తే పలికేంత దూరం. పిలవలేదు. వదిన చేసిందమ్మా అని నేను చెప్పి ఆమె నమ్మితే, మీ ఇంట్లో ఎవరి చేతి నీళ్ళు తాగాల? నమ్మకపోతే నేను ఇంకోసారి అబద్ధాలకోరునైతా. మీ నోటినుంచే రావాలని మళ్ళుకున్నా. వచ్చి అగ్గిపెట్టె పంపినా.

మీరు చెప్తారనే అనుకున్నా. ఆ నమ్మకం నాది, ఆ తప్పూ నాదే.

సీసం ఇచ్చినందుకు నాకు కోపం లేదు. అన్న పొద్దుగూకేలోపల ఇల్లు చేరాలని ఇచ్చినారు. ఆ కరువు రోజుల్లో నేనున్నా అదే పోసిందునేమో. పెద్దల ముందర భయపడినారు, దానికీ ఏమీ అనను. ఆ అగ్గిపెట్టెను ఇరవై రోజులు సొరుగులో పెట్టుకున్నారే, అది నాకు మింగుడు పడదు. పడుతుందని మీరు కనిపెట్టుకోని ఉండొద్దు.

ఇరుసు పని సగంలో ఉండాది. సగంలో వదిలే అలవాటు లేదు.

లేవి


కర్నూలు,
1954 జూన్ 8.

లేవీ,

జవాబు కోసం రాయడం లేదు. జరిగింది నీకు తెలియాలని రాస్తున్నాను.

పెద్దల కూటం కోరి పెట్టించుకున్నాను. అగ్గిపెట్టె బల్లమీద పెట్టి అంతా చెప్పాను. అచ్చులు, మహానంది, నేను అన్న 'లేదు'. ఏసేపుగారు ముక్కను ఒత్తి చూశారు. విరిగింది. చాలాసేపు వేళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నారు. తరువాత, "పదకొండేండ్ల కిందటిదమ్మా. ఇద్దరు పోయిరి. ఇప్పుడు కెలికి ఏం లాభం?" అన్నారు. కెలకాలనే వచ్చానన్నాను. నిన్ను లోపలికి తీసుకొమ్మని కడపకు కాగితం రాశారు. మూడు పంక్తులు. పొరపాటు జరిగింది అని ఉంది. ఎవరి పొరపాటో లేదు. రాయమన్నాను. "మీరు పెద్ద చదువు చదివినవారు, బయట మాటపడితే స్కూలుకు చెడ్డపేరు" అన్నారు. నాకు ఏ శిక్షా వేయలేదు.

అందుకని మొన్న ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళకు నేనే లేచి బయటికి వచ్చి మెట్టుమీద కూర్చున్నాను. రెండు నిమిషాల్లో గంటకొట్టే మనిషి కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. "ఎండలో తల తిరిగిందేమో అమ్మగారికి, ఈడ కూర్చోండి" అన్నాడు. మంచినీళ్ళు కూడా తెచ్చాడు. లోపల పాట అయిపోయేదాకా ఆ కుర్చీ పక్కన నిలబడ్డాను. కూర్చోలేకపోయాను, కుర్చీని తీసేయమని చెప్పలేకపోయాను. నీవు పదేళ్ళు కూర్చున్న చోటు నాకు అడిగినా ఇచ్చేవాళ్ళు లేరు.

ఇంట్లో అత్తయ్య చేట గోడకు అలాగే ఉంది. బియ్యం నేనే ఏరుకుంటున్నాను. పంటికింద రాళ్ళు వస్తున్నాయి.

కృపమణి


నంద్యాల,
1954 జూలై 19.

వదినా,

బండిని ఈడ మిషను ఆవరణలో నిలబెట్టినా. తాళంచెవి కాపలా ఆయన దగ్గర ఉండాది. డ్రైవరును పంపి తెప్పించుకో. కర్నూలుకు నేను రాను. ఇది రాసి బస్సెక్కి కడపకు పోతాండాము.

తోలింది నేనే. పోరుమామిళ్ళ మీదుగా గిద్దలూరు వచ్చి కనుమ ఎక్కినా. ఓబులమ్మ మొదట వద్దని ఏడ్చింది. తరువాత తానే ఎక్కి పక్కన కూర్చోని, "ఏమైనా ఇద్దరికీ అవుతుంది, తోలు" అనింది.

పెద్దల కాగితం వచ్చింది. పోయిన ఆదివారం లోపల కూర్చున్నా. రొట్టె పళ్ళెం నా వరసకు వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే లేచి బయటికి వచ్చినాయి. మెట్టుమీద కూర్చున్నాకనే ఊపిరాడింది. చర్చి అయ్యవారు వచ్చి, "ఆ కట్టడి ఇంక లేదు కదా లేవీ, లోపలికి రా" అన్నాడు. పోలేకపోయినా. దానికి మీ పెద్దలు గాని నువ్వు గాని చేయగలిగేదేమీ లేదు.

కనుమలో ఆ రాతికట్ట ఇంకా పగిలే ఉండాది. ఎవరూ కట్టలేదు. దానికి ముందు వంపులోనే ఓబులమ్మను దింపేసినా. ఆ పొద్దు ఎంత జోరులో ఉంటిమో అంత జోరు రానిచ్చినా. గరగర చప్పుడు వస్తాదేమోనని చెవులు రిక్కించుకోని దిగినా. రాలేదు. అన్న కూర్చుండే పక్కకు చూడలేదు. రాతికట్ట ఇరవై గజాలు ఉందనంగా కాలు పెట్టినా.

వెనక చక్రాలు కంకరమీద జారి నిలబడినాయి. బండి ఆగింది. కాలు తీయలేదు. ఎంతసేపో తెలియదు. ఓబులమ్మ ఆ వంపునించి నడుచుకుంటా వచ్చి, నా మోకాలిమీద చేయి పెట్టి, "ఇంక తీ కాలు" అనేదాకా అట్లనే ఉన్నా.

అమ్మ ఉంటే ఆమెకు రాసిందును. చదివి వినిపించేది ఎట్లాగూ నువ్వే. ఈ మాట చెప్పుకునేదానికి నాకు ఇంక నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు, అందుకని నీకు రాస్తాండా.

బ్రేకు తొక్కినా వదినా. ఆగింది.

లేవి